కూసునే జాగ

పర్శరాములు ఎడమ అరచేయి గని కప్పు రాతికి ఆనించి, కుడిచేతిలోని ఇనుప చువ్వతో దాని పక్కనే కొట్టాడు. రాయి గట్టిదైతే కంగుమంటుంది, అరచేతికి ఏమీ తెలియదు. పొర విడిన రాయి అయితే డొల్లగా పలికి, అరచేయి కింద సన్నగా అదురుతుంది. ఆ అదురును పట్టుకోవడమే అతని పని. ఎక్కడ అదిరితే అక్కడ ఊతకర్ర నిలబెట్టాలి. అతను కర్ర పెట్టి తల ఊపాకే వెనకాల వాళ్లు తట్టలతో లోపలికి వచ్చి బొగ్గు ఎత్తుతారు.

ఈ వేళ ప్రతి దెబ్బకూ అరచేయి కింద అదురుతూనే ఉంది. చువ్వ దించాడు. అప్పుడూ అదురుతోంది. చేయి రాతి మీంచి తీసి, తలదీపం వెలుగులో చూసుకున్నాడు. వేళ్లు విడివిడిగా, ఎవరివో అన్నట్టు వణుకుతున్నాయి.

"ఏమాయె బావా, కప్పు నీతోని ముచ్చట పెడ్తుందా?" అన్నాడు వెనక నుంచి బుచ్చిరాములు. అతను బొగ్గు ఎత్తేవాడు. మెడలో తులసిపూస, తొడకు ఆనించిన తట్ట, ఎప్పుడూ ఏదో ఒక మాట.

"ముచ్చట ఇంకా అయిపోలే," అన్నారెవరో. నవ్వులు.

పర్శరాములు మళ్లీ చేయి పెట్టాడు. ఈసారి చువ్వతో కొట్టకముందే వినిపించింది. టక్. గోటితో గోరు మీటినట్టు. కొంచెం ఆగి, కొంచెం లోపలి నుంచి మళ్లీ, టక్.

"ఎల్లుండ్రి!" అని అరిచాడు. "బయటికి ఎల్లుండ్రి! బిరాన!"

తట్టలు దొర్లాయి. అందరూ తలలు వంచుకుని పెద్దదారిలోకి పరుగెత్తారు. అక్కడ గోడకు వీపులు ఆనించి, నోళ్లు తెరుచుకుని నిలబడ్డారు. ఏమీ పడలేదు. ఎక్కడో నీళ్లు కారుతున్నాయి. ఎవరో దగ్గారు. ఏమీ పడకుండా గడిచే ఒక్కో క్షణం పర్శరాములు ముఖం మీద వెచ్చగా తగులుతోంది. కప్పు పడితే బాగుండునని ఒక్కసారి అనిపించింది.

కేక విని సర్దార్ లింగమూర్తి వచ్చాడు. ఆ భాగానికంతటికీ అతనే పెద్ద. దవడపన్ను కింద లవంగం నొక్కిపట్టుకుని, ఎవరినీ ఏమీ అడగకుండా, పర్శరాములు చేతిలోంచి చువ్వ లాక్కుని ఒక్కడే లోపలికి పోయాడు. అతని దీపం వెలుగు కప్పు మీద నిదానంగా నడిచింది. వెడల్పాటి అరచేయి రాతికి అతికించాడు. ఆ చేయి కదలలేదు. కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"గట్టిగున్నది," అన్నాడు బయటికి వచ్చి. "కర్ర పాతి పని షురు జేయుండ్రి."

అప్పుడు పర్శరాములు వైపు తిరిగాడు. ముఖంలోకి చూడలేదు, చేతుల్ని చూశాడు.

"ఎప్పటి సంది తాగుతలేవురా పర్శా?"

పర్శరాములు చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"తాగకుంటె గిట్లనే మాట్లాడ్తది కప్పు. ఓ గిలాస ఏస్కోని పండుకో. సోమారం నాడు గూడ గిట్ల నక్కకూతలు గూసినవనుకో, నిన్ను మీదికి తోలుత. కర్రలు మోసుకుంట బతుకు."

అందరూ నవ్వారు. దొర్లిన తట్టల్ని వెతుక్కుంటూ, పరుగెత్తినందుకు సిగ్గుపడుతూ, ఆ సిగ్గుకు అతన్ని తిడుతూ నవ్వారు. పర్శరాములు కర్ర నిలబెట్టి, దాని తలకూ కప్పుకూ నడుమ చెక్క దూర్చి సుత్తితో బిగించాడు. ఒక దెబ్బ బొటనవేలు మీద పడింది. తాగి దిగిన ఇన్నేళ్లలో ఏనాడూ వేలు కొట్టుకోలేదు. తాగి దిగిన ఏనాడూ అతని మాటను ఎవరూ కాదనలేదు కూడా. తాగనివాడి మాటే ఇవాళ తాగుబోతు మాట అయింది. షిఫ్టు అయిపోవచ్చింది కాబట్టి బొగ్గు సగమే ఎత్తారు. మిగతాది సోమవారానికి ఉంచారు. ఆ సగం ఎత్తుతున్నంతసేపూ పర్శరాములు కప్పును చూడలేదు. ఎత్తేవాళ్ల మెడల్నే చూశాడు.

మీదికి వచ్చి దీపాలగదిలో దీపం అప్పజెప్పాడు. కిటికీ అవతల రాజం. దీపాలు తీసుకునేటప్పుడు రాజం అందరి ముఖాల దగ్గరికి ముక్కు తెచ్చేవాడు. అది అతని పని కాదు, అలవాటు. పర్శరాములు ముఖం దగ్గరా తెచ్చాడు. వెనక్కి తీయలేదు. మరొకసారి పీల్చాడు.

"మానినవా?" అన్నాడు, పెదవులు కదపకుండా.

పర్శరాములు వెనకాల ఎవరైనా విన్నారా అని చూశాడు.

"ఐతారం పగటీలి మానినోళ్లు కూసుంటరు. పో."

"ఏడ?"

వెనకాల వాళ్లు తోస్తున్నారు. రాజం అప్పటికే తర్వాతివాడి దీపం అందుకుంటున్నాడు. "అడుగు, జెప్తరు," అన్నాడు. అంతే.

*

కంపెనీ లైనులో గది. చంద్రవ్వ జొన్నగటకను లోతు గిన్నెలో కాక వెడల్పు పళ్లెంలో పెట్టింది. చేయి వణికినా ఒలకదు. పెట్టిన తర్వాత ఎదురుగా కూర్చోకుండా పొయ్యి వైపు తిరిగి కూర్చుంది. చూడటం లేదని అతనికి తెలిసేట్టు కూర్చుంది.

"కొంచెమన్న దిను."

"తింటున్న."

ఉప్పు కావాలని తనే లేచాడు. ఉప్పుకుండ వెనక చేతికి చల్లగా తగిలింది. సీసా. బయటికి తీయకముందే ఇప్పపూల వాసన ముక్కుకు కాదు, నాలుక వెనక్కి తగిలింది.

"గిదేంది?"

చంద్రవ్వ తిరగలేదు. "తాగుమని తేలే."

"మరెందుకు తెచ్చినవ్?"

"పానం మీదికొస్తే ఉండాలె గదా అని." పొయ్యిలో కట్టె ముందుకు తోసింది. మళ్లీ వెనక్కి లాగింది. "శంకరవ్వ పెనిమిటి ఒక్కపారే మానిండు. మానిన మూడోనాడు కండ్లు తేలేసి, నాలుక కొరుక్కొని పాయె. ఆమె ఇంట్ల సుక్క లేకుండె. సుక్క ఉంటె బతుకునేమో అని ఇప్పటికీ ఏడుస్తది."

"ఏడికెల్లి తెచ్చినవ్?"

"పోశవ్వ కాడికెల్లి. కొంగు కింద పెట్టుకొని తెచ్చిన. దొంగ లెక్క." ఇప్పుడు తిరిగింది. "తాగినప్పుడు నిన్ను జూస్తే నాకు కోపమొచ్చేది. ఇప్పుడు జూస్తే భయమైతుంది. కోపమే నయముండె."

సీసా అతని చేతిలో గలగలలాడుతోంది. లోపలిది కదులుతోందో, చేయి కదులుతోందో.

"పారబోయనా?" అని అడిగిందామె.

పర్శరాములు నోరు తెరిచాడు. పారబొయ్యి అనాలి. ఆ మాట గొంతులో తయారుగా ఉంది. కానీ అది బయటికి వచ్చిన క్షణం నుంచీ ఈ ఇంట్లో ఒక్క చుక్క ఉండదు. రేపు ఉండదు, కండ్లు తేలేసినా ఉండదు. ఆ ఖాళీని తలచుకోగానే చెమట పట్టింది.

"ఆడనే ఉండనీ," అన్నాడు.

ఆమె సీసా తీసుకుని ఉప్పుకుండ వెనక్కే పెట్టింది. కుండను కొంచెం జరిపింది, సీసా కనబడకుండా. అయినా మరునాడు తెల్లవారేదాకా ఆ గదిలో అతనికి కనబడింది అదొక్కటే. గోడలున్నాయి, కప్పు పెంకులున్నాయి, పక్కన నిద్రపోతున్నట్టు నటిస్తున్న చంద్రవ్వ ఉంది. కానీ గదికి నడిబొడ్డు మాత్రం ఉప్పుకుండ వెనక ఉంది.

*

ఆదివారం పొద్దు బారెడెక్కకముందే ఇంట్లోంచి బయటపడ్డాడు. ధైర్యంతో కాదు, అక్కడ ఉండలేక.

రాజం ఇంటికి తాళం. చొప్పదండిలో పెండ్లికి పోయిండన్నారు పక్కవాళ్లు. ఇక ఎవరినైనా అడగాలి.

కల్లుకాంపౌండు దారిలో మంగలి హనుమండ్లు ఎవరికో గడ్డం గీస్తున్నాడు. ఊళ్లో అతనికి తెలియనిది లేదు. పర్శరాములు పక్కన నిలబడి, కత్తి ఒక చెంప పూర్తిచేసేదాకా ఆగాడు.

"హనుమండ్లన్నా, ఐతారం పూట కూసునే జాగ ఏడనే?"

అడగదలచుకున్నది అది కాదు. ముందర 'మానినోళ్లు' అనే మాట ఉండాలి. ఆ మాట నోటి దాకా వచ్చి పళ్ల వెనక ఆగిపోయింది. అంటే అయిపోతుంది. హనుమండ్లు నోట పడ్డ మాట పొద్దుమూకేలోగా లైనులన్నీ తిరుగుతుంది. పర్శరాములు మానిండంట. రేపు తాగితే? తాగినవాడికి దాగడానికి చోటుంటుంది. మానినానని చెప్పి తాగినవాడికి ఉండదు.

హనుమండ్లు కత్తి గాల్లోనే ఆపి అతన్ని పైనుంచి కిందికి చూశాడు. గడ్డం గీయించుకుంటున్నవాడు కూడా నురుగులోంచి నవ్వాడు. ఈ ఊళ్లో కూసునుడు అంటే ఒకటే, తాగుడు. 'కూసుందామా?' అంటే కిందా మీదా చూసి 'ఎవలింట్ల?' అంటారు. దేవుడి ముందర కూర్చున్నా, పంచాయితీలో కూర్చున్నా ఆ మాట వాడరు.

"నీకు తొవ్వ జెప్పాలెనా?" అన్నాడు హనుమండ్లు. "కోడిపుంజుకు తెల్లారింది అని జెప్పినట్టు. పోశవ్వ ఇల్లు మర్శినవా?"

"గది గాదు..."

"మరేది? గంతకన్న మంచి జాగ దొరికిందా? దొరికితె నాకూ జెప్పు."

పర్శరాములు నవ్వి కదిలాడు. ఆ నవ్వు ముఖం మీద చాలాసేపు దిగకుండా ఉండిపోయింది, మరిచిపోయిన టోపీలా.

యూనియన్ ఆఫీసు అరుగు మీద ఒకతను పేపర్ చదువుతున్నాడు. "అన్నా, ఇయ్యాల ఇక్కడ కూసుంటరా?" అని అడిగాడు పర్శరాములు. అతను పేపరు మీంచి చూసి, "ఇక్కడ కూసుంటె బయట బోర్డెందుకురా! పోశవ్వ కాడికి పో," అన్నాడు విసుగ్గా.

భజన జరుగుతున్న ఇంటి ముందు ఆగాడు. లోపల హార్మోనియం. గుమ్మంలో కాళ్లు కడుక్కుంటున్న బుచ్చిరాములు అతన్ని చూసి సంబరపడిపోయాడు.

"బావా! మా తొవ్వకు వచ్చినవా? రా, లోపటికి రా. మాలేసుకుంటవా?"

"మాలేసుకుంటే?"

"ఏమున్నది. కూర, సార రెండూ ఇడువాలె. దేవుని ముంగట మాటియ్యాలె. మాట తప్పితె," బుచ్చిరాములు నవ్వుతూనే కంటి రెప్పలు రెండూ వేళ్లతో మూసి చూపించాడు, "ఇంట్ల ఎవలో ఒకలను దీస్కపోతడు. నిన్ను గాదు. నీవోళ్లను. అందుకే ఎవ్వడు దప్పడు."

పర్శరాములుకు పొయ్యి వైపు తిరిగి కూర్చున్న చంద్రవ్వ వీపు కనబడింది. మాట ఇస్తే ఆ వీపు మీద ఇవ్వాలి. ఉప్పుకుండ వెనకది పారబొయ్యమనలేని నోటితో ఇవ్వాలి.

"మల్లొస్త," అన్నాడు.

"నిన్న కప్పు నిన్ను మస్తు బెదిరిచ్చింది గదా!" అని వెనక నుంచి అరిచాడు బుచ్చిరాములు. ఆ గొంతులో చెడు లేదు. అందుకే ఎక్కువ తగిలింది.

ఎండ ముదిరింది. కాళ్లు ఎటు పోతున్నాయో అతను చూడలేదు. చూసేసరికి పోశవ్వ ఇంటి సందు మొదట్లో ఉన్నాడు. అక్కడ సత్తమ్మ గుగ్గిళ్లు అమ్ముతుంది, లోపలికి పోయేవాళ్లకు. ముసలామె. పర్శరాములును చూసి అలవాటుగా ఆకు మడిచి గుగ్గిళ్లు పెట్టబోయింది.

ఇక్కడిదాకా వచ్చాక దాచుకోవడానికి ఏమీ మిగలలేదనిపించింది. ఇంకో పది అడుగులు వేస్తే తాగేస్తాడు. అది అతనికి ఆకలి తెలిసినంత స్పష్టంగా తెలుసు. ఆ పది అడుగులకు ఇవతల ఈ ముసలామె తప్ప ఎవరూ లేరు.

"అవ్వా," అన్నాడు. "మానినోళ్లు కూసునే జాగ ఏడ?"

సత్తమ్మ చేయి ఆగింది. ఆకులోని గుగ్గిళ్లను తిరిగి గంపలో పోసుకుంది.

"గదే," అంది, గడ్డంతో పోశవ్వ ఇంటిని చూపిస్తూ.

"మానినోళ్లు అన్ననే."

"నాకు చెవుడు లేదు బిడ్డా. ముంగట తాగేటోళ్లు. ఎనుక దొడ్లె మానినోళ్లు. పోశవ్వ పెనిమిటి సిద్దిరాములు కూసోవెడ్తడు."

"దొడ్లెకు వేరే తొవ్వ లేదా?"

"లేదు. చుట్టూ ముండ్లకంప." ఆకు దులిపింది. "ఇంట్లకెల్లే పోవాలె."

*

పగటి వెలుతురులోంచి లోపలికి వంగగానే ఏమీ కనబడలేదు. వాసన మాత్రం కనబడినంత దగ్గరగా ఉంది. కాగిన ఇప్పపూలు, తడి మట్టి, మనుషుల చెమట. కళ్లు కుదురుకున్నాక గోడ పొడుగునా మోకాళ్లు కనబడ్డాయి, మోకాళ్ల మీద గ్లాసులు కనబడ్డాయి. ఎదురుగా, అవతలి గోడలో, తెల్లటి చీలికలాగా దొడ్డి తలుపు.

నడుమ కుండ ముందు పోశవ్వ కూర్చుని కొలపాత్రతో ముంచి పోస్తోంది. అతని వైపు చూడలేదు.

"వచ్చిండు పర్శన్న!" అన్నారెవరో. "జరుగుండ్రి, జరుగుండ్రి. జాగియ్యుండ్రి."

గోడ దగ్గర ఒక మనిషి పట్టేంత ఖాళీ తెరుచుకుంది. అతని ఒంటి కొలత తెలిసినట్టు, సరిగ్గా అంతే. ఒక చేయి గ్లాసును అతని ముందుకు చాచింది. పర్శరాములు ఊపిరి బిగబట్టాడు. నాలుగడుగుల దూరం. ఊపిరి బిగబట్టి దాటేయవచ్చు. రెండో అడుగులో గుండె కొట్టుకోవడం చెవుల్లో వినిపించింది, టక్, టక్. ఊపిరి తానే తెరుచుకుంది. వాసన లోపలికి దిగి, అతనికంటే ముందే అతని చేతిని ఎత్తింది. చేయి గ్లాసు వైపు పోవడం అతను చూశాడు, ఎవరి చేతినో చూసినట్టు.

"నడుమల నిలవడకు పర్శా," అంది పోశవ్వ తలెత్తకుండా. "కూసుంటె గిక్కడ కూసో. లేకుంటె ఎల్లిపో. బేరానికి అడ్డం."

అందులో జాలి లేదు. కొలపాత్ర కుండ అంచుకు తగిలి మోగింది.

"నీ ఇంట్లనే రెండా వదినే?" అన్నాడు.

"ఆయన మానిండు, నేను మానలే," అంది పోశవ్వ. "పొట్ట మానుతదా?"

అందరూ పెద్దగా నవ్వారు. గ్లాసు చాచినవాడు కూడా నవ్వుతూ, ఒలికిపోతుందని గ్లాసును ఒక్క క్షణం వెనక్కి తీసుకున్నాడు. ఆ క్షణంలో పర్శరాములు చేతికి ఎదురుగా ఏమీ లేకపోయింది. అతను తలుపులోంచి పడ్డట్టుగా దొడ్లోకి పడ్డాడు.

*

రేకు నీడలో ఈతచాప. కొందరు మగవాళ్లు గుండ్రంగా కూర్చుని చింతపండు కొడుతున్నారు. చెక్కసుత్తితో కాయ మీద ఒక దెబ్బ, వేళ్లతో చీల్చి గింజ తీయడం, గింజ ఒక గంపలో, పండు ఒక గంపలో. ఎవరి చేయి వణుకుతోందో, ఎవరిది పని మీద కదులుతోందో చెప్పలేని పని.

"కూసో," అన్నాడు అందరిలో పెద్దవాడు, సిద్దిరాములు. ఎండిన తుమ్మకొమ్మలా ఉన్నాడు. అతని ముందుకు కాయలు తోసి, సుత్తి ఇచ్చాడు.

"నేను ఒట్టు వెట్టలేను," అన్నాడు పర్శరాములు కూర్చోకముందే.

"ఎవలు వెట్టుమన్నరు? అందరం మస్తు వెట్టినం. నా ఒట్లు ఇని ఇని గుడిల పోశమ్మతల్లికి చెవుడొచ్చింది."

చిన్నగా నవ్వులు. ఇవి లోపలి నవ్వుల్లా లేవు, తొందరగా ఆగిపోయాయి.

"మరేం జేస్తరు?"

"గిదే. చింతపండు కొడ్తం. ఏమైందో జెప్పుకుంటం. పొద్దుమీకి ఇండ్లకు పోతం."

పర్శరాములు కూర్చున్నాడు. సుత్తులు కాయల మీద పడుతున్నాయి. టక్. టక్. ప్రతిసారీ అతని భుజాలు ఎగిరాయి. ఎవరూ చూడలేదు, లేదా అందరూ చూసి ఊరుకున్నారు. కాసేపటికి లవంగం వాసన తెలిసింది. తలెత్తాడు. ఎదురుగా, అతని వైపు సగం వీపు పెట్టి, వెడల్పాటి చేతులతో గింజలు తీస్తున్నది సర్దార్ లింగమూర్తి.

లేచి పోవాలనిపించింది. పోవడానికి ఉన్నది ఒకటే దారి.

లింగమూర్తి తలెత్తలేదు. "నా వంతు గదా," అన్నాడు గింజలతో అన్నట్టు. "నిన్న పొద్దుగాల తాగిన. బొగ్గుబాయి దిగకముందే."

సుత్తులు ఆగలేదు. సిద్దిరాములు "ఊఁ" అన్నాడు, కథ వింటున్నట్టు.

"పోయిన ఐతారం ఈడనే కూసున్న. ఎన్నడు తాగనట్టే అనిపించింది. నిన్న పొద్దుగాల చెయ్యి వణికింది. చువ్వ వట్టుకోని, పదిమంది ముంగట, వణికే చెయ్యి ఎట్ల వెట్టాలె కప్పుకు? తాగిన. చెయ్యి బండ లెక్క నిలవడ్డది." ఒక గింజను వేళ్ల నడుమ చాలాసేపు తిప్పాడు. "ఈడు కేకేసిండు. నేను పోయి కొట్టిన. నాకేం తెల్వలే. ఏమీ తెల్వకపోయేసరికి గట్టిగున్నది అన్న."

పర్శరాములు చేతిలోని కాయ చిట్లి, గుజ్జు వేళ్లకు అంటుకుంది.

నిన్నటి నుంచి అతను ఒకే ఒక్కదాన్ని పట్టుకుని ఉన్నాడని ఇప్పుడు తెలిసింది. సర్దార్ అన్నది నిజమేనన్న నమ్మకాన్ని. కప్పు గట్టిది, చెడ్డది నా తలకాయ. ఆ మాట అవమానమైనా దాని కింద నిలబడవచ్చు. ఇప్పుడు ఆ ఊతకర్రను ఎవరో పక్కకు తీశారు. తను పిచ్చివాడు కాకపోతే, కప్పు వస్తోంది. కప్పు రాకపోతే, తను పిచ్చివాడు. ఏది కోరుకోవాలి? బుచ్చిరాములు మెడలోని తులసిపూస కళ్ల ముందు ఆడింది.

"నన్ను తాగుమంటివి గదా సర్దార్," అన్నాడు.

"అంటి."

"ఎందుకన్నవ్?"

లింగమూర్తి మొదటిసారి అతని ముఖంలోకి చూశాడు. కిందనున్నప్పటి ముఖం కాదది. కళ్ల కింద సంచులు, ఎర్రటి నరాలు.

"నువ్వు గూడ తాగితె," అన్నాడు, "నేనొక్కన్నే గాదు అనిపిస్తది."

లోపలి గదిలో ఎవరో పాట ఎత్తుకున్నారు, మిగతావాళ్లు తిట్టి ఆపించారు. సిద్దిరాములు పండు గంపను పక్కకు జరిపి, తడిబట్ట కప్పాడు.

"రేపు?" అన్నాడు పర్శరాములు.

"రేపు ఇద్దరం చూద్దాం," అన్నాడు లింగమూర్తి. "తాగకుంట."

"తాగకుంట వణుకుతది గదా."

"వణుకుతది."

*

సోమవారం పొద్దున మంచు కురుస్తోంది. గనిలోకి దించే బోనులోకి ఎక్కినప్పుడు పర్శరాములు పై కమ్మీని పట్టుకున్నాడు. పక్కనే ఇంకో వెడల్పాటి చేయి అదే కమ్మీని పట్టుకుంది. రెండు చేతుల వణుకూ ఇనుములోంచి ఒకదానిలోకి ఒకటి పాకుతున్నాయి. సర్దార్ నోట్లో లవంగం లేదు.

"ఏంది, ఇయ్యాల ఇద్దరికీ చలివెడ్తుందా?" అన్నాడు బుచ్చిరాములు. బోను దిగింది.

శనివారం వదిలిన చోటికి చేరాక తట్టలవాళ్లు అలవాటుగా లోపలికి నడవబోయారు. లింగమూర్తి చేయి అడ్డం పెట్టాడు.

"జర ఆగుండ్రి."

"మల్ల కప్పు ముచ్చటేనా?" అన్నారెవరో. "మీరిద్దరు ముచ్చటలు వెట్టుకుంట కూసుంటె మా బొగ్గు ఎవలెత్తాలె?"

ఇద్దరూ లోపలికి పోయారు. పర్శరాములు పెట్టిన కర్ర పెట్టినట్టే ఉంది. కప్పు నల్లగా, నున్నగా, ఏ గీతా లేకుండా ఉంది. లింగమూర్తి చువ్వను అతని చేతికిచ్చాడు. ఇద్దరూ ఎడమ అరచేతులు పక్కపక్కన రాతికి ఆనించారు. పర్శరాములు కొట్టాడు.

అదిరింది. తన చేయి అదిరింది. లింగమూర్తి చేయి అదిరింది. కొట్టడం ఆపాక కూడా రెండూ అదురుతున్నాయి. చెమట మోచేతి దాకా కారింది. అతను రాతిని చూడటం మాని లింగమూర్తి ముఖం చూశాడు. లింగమూర్తి అప్పటికే అతని ముఖాన్ని చూస్తున్నాడు. ఆ అదురు రాతిలో ఉందో లేదో ఎదుటివాడి ముఖంలో వెతుక్కుంటూ ఇద్దరూ నిలబడ్డారు.

"ఏమంటవ్?" అన్నాడు లింగమూర్తి గుసగుసగా.

ఇన్నేళ్లలో ఈ కప్పు కింద అతను ఉన్నదనో లేదనో అన్నాడు గానీ ఈ మాట ఎన్నడూ అనలేదు.

"తెల్వది," అన్నాడు. "నీకు?"

"నాకూ తెల్వది."

అన్న తర్వాత కాళ్లు కొంచెం నేలకు ఆనాయి. కప్పు అలాగే ఉంది.

"బుచ్చిరాములూ!" అని పిలిచాడు పర్శరాములు. "జర గిటురా. నువ్వొక్కనివే."

బుచ్చిరాములు తట్ట నడుం మీద పెట్టుకుని నవ్వుతూ వచ్చాడు. బొగ్గు ఎత్తేవాడిని కప్పు గురించి ఎవరూ అడగరు.

"నన్నేం జేయుమంటరు? నేను పూస కట్టుకున్నోన్ని. నాతోని కప్పు మాట్లాడదు."

"చెయ్యి వెట్టు," అన్నాడు లింగమూర్తి. అది ఆజ్ఞలా లేదు. "మా చేతులు మంచిగ లేవు."

బుచ్చిరాములు ఇద్దరి వంకా చూశాడు. ఖాళీగా ఉన్న చేయి పైకెత్తి, ఆటగా, రాతికి ఆనించాడు. ఆ చేయి కదలకుండా నిలబడింది.

పర్శరాములు చువ్వ ఎత్తాడు. అది వణుకుతుండగానే, దాన్ని దాచకుండానే, ఒక్క దెబ్బ కొట్టాడు. ఈసారి చెవి పెట్టలేదు. బుచ్చిరాములు ముఖాన్నే చూశాడు. అతని పక్కన లింగమూర్తి కూడా ఆ ముఖాన్నే చూస్తున్నాడు. రెండు దీపాల వెలుగులో ఆ నవ్వు పెదవుల మీద ఉన్నచోటనే కొంచెంసేపు ఉంది, లోపల ఎవరూ లేని ఇల్లులా.

బుచ్చిరాములు చేయి తీయలేదు. తల పక్కకు వంచాడు, రాతిలోపల ఏదో వింటున్నట్టు. తర్వాత చేయి దించి, నడుం మీది తట్టను, చప్పుడు కాకుండా, పసిబిడ్డను పడుకోబెట్టినట్టు నేల మీద పెట్టి, ఒక్క అడుగు వెనక్కి వేశాడు.